పేరు అడగని పెద్దాయనకు

మొన్న వేసవిలో రాజమండ్రి కలప అడితిలో, బీడింగ్ (అంచులకు కొట్టే సన్న చెక్క పట్టీ) కోసం టేకు ముక్కలు ఏరుకుంటుంటే పలకరించిన పెద్దాయనకు నమస్కారం. సింహద్వారం తలుపుకు ముందూ వెనకా పాలిష్ అయిపోయింది, రేపు బిగించేస్తామని చెప్పాను. "అడుగు అంచు వదిలేశావా బాబూ? నీళ్లు తాగేది అక్కడే" అన్నారు. అన్నవారు ఊరుకోలేదు, నాతో ఇంటికొచ్చారు. తలుపును అడ్డంగా పడుకోబెట్టి, కోత కొసల మీద 220 నంబరు ఎమరీ కాగితంతో రుద్దించి, పైఅంచుకూ అడుగంచుకూ మూడుసార్లు సీలర్ (చెక్క తేమ పీల్చకుండా వేసే పూత) పట్టించారు. రెండో పూత చెక్క ఇట్టే పీల్చేసుకుంటే, వేలితో తడిమి "చూశావా, ఇంకా దాహంగానే ఉంది" అన్నారు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

పోయిన నెల వారం రోజులు ముసురు పట్టింది. రోజూ పొద్దున్నే టెన్షన్‌తో తలుపు తోసి చూశాను. ఒక్కరోజూ తేమకు ఉబ్బి పట్టెయ్యలేదు. గడపకు పసుపు రాస్తూ మా అమ్మ మీ గురించే అడుగుతోంది. ఒక్కసారి భోజనానికి రండి.