లక్ష దాటిన వాచీని ఇకపై పార్సిల్‌లో పంపను

ఈ నెల నుంచి లక్ష రూపాయలకు మించి విలువ చేసే వాచీ ఏదీ మన దుకాణం నుంచి కొరియర్‌లో వెళ్లదు. అమ్మేవారు ఒక ఊళ్లో, కొనేవారు మరో ఊళ్లో ఉండి, మధ్యలో నన్ను నమ్మి బేరం నడుపుకొంటున్న మీకు ఈ సంగతి నా నోటనే తెలియాలి. కొందరికి ఇప్పటికే వేరే రకంగా తెలిసిందని విన్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. హెచ్‌ఎంటీలు, ఆల్విన్లు, రోజువారీ సీకోలు వంటి లక్ష లోపు వాచీలు కొనేవారికి పెద్దగా మారేదేమీ లేదు. వారు చివరి భాగం చదువుకుంటే చాలు.

నేను కొరియర్‌లో పంపితే దారిలో పోయింది ఒక ఒమేగా కాన్‌స్టెలేషన్ వాచీ. అరవైల నాటిది, డయలు అంచు పన్నెండు పలకలుగా కిందికి వాలి ఉండే రకం. అమ్మినవారు తెనాలిలో రిటైరైన లెక్చరర్ గారు, కొన్నవారు విశాఖపట్నంలో ఒక డాక్టరు గారు. ధర లక్షా ఎనభై అయిదు వేలు. ఎప్పటిలాగే ముందు డబ్బు నా దగ్గరకు వచ్చింది, తరవాత వాచీ నా బల్ల మీదకు వచ్చింది. మూత విప్పి, మెషీన్ మీది నంబరు రాసుకొని, ఫొటోలు తీసి, పసుపు ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి పంపాను. విశాఖలో పెట్టె తెరిస్తే గుడ్డ ఉంది. మడత కూడా చెదరలేదు. లోపల వాచీ లేదు. పెట్టె అడుగున మన దుకాణం పేరున్న టేపు మీద మరో టేపు అంటించి ఉంది. వెడల్పు అదే, రంగులో మాత్రం కొద్దిగా తేడా.

మడత చెదరని ఆ గుడ్డే నా పరువు మీదకు తెచ్చింది. 'దారిలో కొట్టేసేవాడు గుడ్డ మడతపెట్టి మరీ పోతాడా, దుకాణంలోనే తీసి ఉంటారు' అని మన వాచీల మిత్రుల్లో ఒక పెద్దమనిషి నలుగురిలో అన్నారట. రిపేరుకని ఇచ్చి ఏళ్ల తరబడి తిరిగి రానివారి వాచీలకు కూడా పేరు చీటీ కట్టి బీరువాలో దాచిన దుకాణం ఇది. మా నాన్నగారి చేతిరాతతో ఉన్న చీటీలు ఇంకా ఉన్నాయి. ప్యాకింగ్ మొత్తం కెమెరాలో ఉంది, అడిగినవారికి చూపిస్తాను. ఆ పెద్దమనిషికి అడగకపోయినా చూపిస్తాను. కొరియర్ కౌంటర్‌లో బుక్ చేసినప్పుడు తూకం 386 గ్రాములు. విశాఖలో వాళ్ల కాటా మీదే 334. మధ్యలో తరిగిన ఆ 52 గ్రాములూ, పట్టీతో సహా, ఎక్కడ దిగిపోయాయో వాళ్లే చెప్పాలి.

కొరియర్ వాళ్లు రసీదు వెనుక ఉన్న చిన్న అక్షరాలు చూపించి, అయిదు వేలు ఇస్తామన్నారు. దీనికి నాకు ఆశ్చర్యం లేదు, కోపమూ లేదు. రసీదు మీద మనం రాసే విలువ వేరు, బీమా వేరు. సంతకం చేసిన రసీదులో పరిమితి ఇంత అని ఉంటే అది చెల్లుతుందని 1996లోనే భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు రవాణాకు 2007 చట్టం ఉంది. దాని కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఎక్కువ విలువ చెప్పి ఎక్కువ ఛార్జీ కట్టకపోతే, రవాణాదారు బాధ్యత కట్టిన కిరాయికి పది రెట్లతో సరి. బీమా చేయని స్పీడ్ పోస్టు పోతే వచ్చేది ఛార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. ఇవన్నీ తెలిసే కదా నేను ఏటేటా విడిగా ఇన్సూరెన్సు కడుతున్నది.

నన్ను దెబ్బతీసింది ఆ ఇన్సూరెన్సే. ఈ భాగం కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పాలసీ తీసుకునే రోజునే, దాన్ని ఇప్పించిన బీమా బ్రోకరుకు మెయిల్‌లో రాశాను: ఈ వాచీలు నావి కావు, ఇతరులవి, కొద్ది రోజులు నా దగ్గర ఉండి మరొకరికి వెళ్తాయి, పోతే జవాబుదారీ నాది, వీటికి బీమా వర్తించాలి అని. 'వర్తిస్తుంది, నిశ్చింతగా ఉండండి' అని ఆయన తిరుగు మెయిల్ ఇచ్చారు. అందుకని ప్రీమియం కొంచెం ఎక్కువే తీసుకున్నారు. ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ప్రింటు తీసి గల్లాపెట్టె మీద గాజు కింద పెట్టాను.

ఇతరుల సరుకుకు బీమా వర్తించాలంటే, నమ్మకం మీద గానీ కమీషన్ మీద గానీ ఉంచుకున్న సరుకు అనే ముక్క పాలసీలో ఉండాలి. బంగారం కొట్లవాళ్ల పాలసీల్లో ఇది మామూలు మాట. క్లెయిము పెట్టాక తేలిందేమిటంటే, బ్రోకరు కంపెనీకి పంపిన దరఖాస్తులో ఆ ముక్కే లేదు. వాళ్ల దృష్టిలో నేను నా సొంత సరుకు పంపుకునే వ్యాపారిని. పోయింది నా సరుకు కాదు కాబట్టి నాకు నష్టం లేదు, నష్టం లేదు కాబట్టి క్లెయిము లేదు. కంపెనీని అడిగితే బ్రోకరు రాయలేదంటుంది, బ్రోకరును అడిగితే కంపెనీ వదిలేసిందంటాడు. ప్రీమియం పుచ్చుకున్నప్పుడు మాత్రం ఇద్దరికీ ఏ సందేహమూ రాలేదు.

మన దేశంలో రోడ్డు మీద, రైల్లో పోయే సరుకు బీమా కూడా మెరైన్ శాఖ కిందికే వస్తుంది. సికింద్రాబాద్‌లో బయలుదేరి విశాఖ చేరేదాకా సముద్రం మొహం చూడని పార్సిల్‌కు 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్సు చట్టం చూపిస్తారు. వస్తువు పోయిన సమయానికి అందులో మనకు ఆర్థికమైన సంబంధం ఉండాలన్నది ఆ చట్టం పెట్టే షరతు. పోతే జవాబు చెప్పాల్సినవాడికి సంబంధం లేదంటే ఇంకెవరికి ఉన్నట్టు? ఇదే నా వాదన. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను. అక్కడ తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లోనే ఉన్నారు, ఆయన దగ్గరకు వెళ్తాను. కొరియర్‌కు కూడా రాతపూర్వకంగా నోటీసు వెళ్లింది. బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లో నోటీసు ఇవ్వకపోతే తరవాత దావా వేసే హక్కే ఉండదు. ఎవరికైనా ఇలాంటిది జరిగితే ముందు ఆ తేదీ గుర్తుపెట్టుకోండి.

మధ్యలో బీమా నష్టం లెక్కగట్టే సర్వేయరు ఒకాయన వచ్చారు. మర్యాదస్తుడే. కానీ అరవైల్లో కొన్న వాచీకి కొనుగోలు బిల్లు తెమ్మన్నారు. లేదంటే, వస్తువు వయసు అరవై ఏళ్లు కనుక తరుగు ఎంత వేయాలో చెప్పమన్నారు. ఇది పాతబడేకొద్దీ ధర పెరిగే వస్తువండీ అని చెబితే రాసుకోలేదు. ఆయన చేతికి రబ్బరు పట్టీ స్మార్ట్ వాచీ ఉంది. తరుగు దానికి వేసుకోవచ్చు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. వాచీ పోయింది, డబ్బు నా దగ్గర ఉంది. అది ఎవరికి ఇవ్వాలి? డాక్టరు గారికి తిరిగి ఇచ్చేస్తే లెక్చరర్ గారి వాచీ గాలిలో కలిసినట్టు. లెక్చరర్ గారికి ఇస్తే డాక్టరు గారు గుడ్డ ముక్కకు లక్షా ఎనభై అయిదు వేలు కట్టినట్టు. తెలిసిన వకీలు గారిని అడిగాను. 1930 సరుకుల విక్రయ చట్టం ప్రకారం, కొనేవారికి చేర్చమని సరుకును రవాణాదారుకు అప్పగిస్తే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, కొన్నవారికి అప్పగించినట్టే లెక్క అన్నారు. సొత్తు ఎవరి పేరుకు మారితే నష్టభయం కూడా వారిదే. మధ్యవర్తివి, నువ్వెందుకు మీద వేసుకుంటావు, వాళ్లిద్దరినీ తేల్చుకోమను అని సలహా ఇచ్చారు. ముగ్గురం తలా కొంత భరిద్దామని ఒక ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను.

ఆ ఉత్తరం పంపలేదు. ఇద్దరిలో ఒక్కరు గొంతు పెంచినా పంపేవాణ్నేమో. డాక్టరు గారు ఫోనులో ముందు 'మీకు ఎంత నష్టమండీ' అని అడిగారు. లెక్చరర్ గారు సగం ఇచ్చినా సర్దుకుంటానన్నారు. ఆయన అలా అన్నాక సగం ఇవ్వడానికి నాకు మనసు ఒప్పలేదు. నా బిల్లులో 'బీమాతో సహా రవాణా' అని అచ్చువేసి ఉంది. దానికి రుసుము తీసుకున్నాను. బీమా కాగితం ఎవరి చేతిలో చెడిందన్నది నాకూ బ్రోకరుకూ మధ్య తగాదా. తెనాలికీ విశాఖకూ దానితో పని లేదు. డాక్టరు గారి డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చాను. లెక్చరర్ గారికి పూర్తి ధర నా చేతి నుంచి ఇచ్చాను. కొత్త పాలిషింగ్ యంత్రానికని దాచిన డబ్బు అటు వెళ్లింది, కాబట్టి ఈ ఏడాది పాలిష్ పనులు పాత యంత్రం మీదే, కొంచెం ఆలస్యంగా అవుతాయి. మా ఆవిడ ఈ లెక్కకు ఇంకా ఒప్పుకోలేదు. ఇది చదివి నన్ను దాత అనుకోవద్దు. రెండోసారి ఇలా ఇచ్చే శక్తి నాకు లేదు. అందుకే పద్ధతి మారుస్తున్నాను.

లక్ష లోపు వాచీలు ఇకపై తపాలా శాఖ ద్వారా, పూర్తి విలువకు ఇన్సూర్ చేసిన స్పీడ్ పోస్టులో వెళ్తాయి. అక్కడ బీమా పరిమితి లక్ష, నా గీత కూడా అక్కడే పడింది. పెట్టెకు గుడ్డ కుట్టి, కుట్ల మీద లక్కతో దుకాణం ముద్ర వేస్తాను. పాతకాలపు పద్ధతి అని నవ్వేవారు నవ్వవచ్చు. టేపు మీద టేపు అంటించినట్టు పగిలిన లక్కను అతికించడం కుదరదు. మీ చేతికి వచ్చినప్పుడు ముద్ర పగిలి ఉన్నా, తూకం తగ్గినా, ఆ మాట రాయకుండా సంతకం చేయవద్దు. అంతా సవ్యంగా అందిందని సంతకం చేసి తరవాత ఫోను చేస్తే, ఏ బీమా కంపెనీ అయినా ముందు ఆ సంతకమే చూపిస్తుంది. లోపల ఉన్నది వాచీ అనే రాస్తాను. గిఫ్టు అనో, స్పేర్ పార్టులు అనో రాయమని అడగకండి. అబద్ధం రాసిన పార్సిల్‌కు క్లెయిము రాదు.

లక్ష దాటినవి మనిషి చేతిలోనే వెళ్తాయి. మా తమ్ముడి కొడుకు విశాఖ, రాజమండ్రి వైపు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి ఇచ్చి వస్తాడు. మిగతా ఊళ్లకు ముందుగా మాట్లాడుకుందాం. మీరే దుకాణానికి వచ్చి ఎదురెదురుగా ఇచ్చిపుచ్చుకుంటే ఇంకా మంచిది, రుసుము కూడా సగమే. కొత్త పాలసీ వేరే కంపెనీలో, బ్రోకరు లేకుండా, నేనే కార్యాలయానికి వెళ్లి తీసుకున్నాను. నమ్మకం మీద ఉంచుకున్న సరుకు అన్న ముక్కను అచ్చులో చూసి, కింద గీత గీయించుకున్న తరవాతే చెక్కు ఇచ్చాను. అయినా, మనిషి కాపలా లేని బండిలో వదిలేసినదానికీ, ఎలా పోయిందో చెప్పలేకుండా మాయమైనదానికీ ఆ పాలసీలోనూ డబ్బు రాదు. అందుకని ఆ కుర్రాడు మీ ఇంట్లో కాఫీకి కూర్చున్నా సంచీ ఒళ్లో నుంచి దించడు. తప్పుగా అనుకోకండి.

రవాణా రుసుము ధరలో రెండు శాతం నుంచి మూడు శాతమైంది. వాచీ విలువ ఇంత అని అమ్మేవారు, కొనేవారు, నేను ముందే సంతకాలు చేసిన కాగితం ప్రతి బేరానికీ ఉంటుంది. దారిలో నష్టభయం ఎవరిదో కూడా అందులోనే రాసుకుంటాం.

అమెరికా నుంచి అడిగేవారికి ఒక మాట. అక్కడి రిజిస్టర్డ్ మెయిల్‌లో 50,000 డాలర్ల దాకా బీమా ఉంది కదా, మీరెందుకు పంపరు అంటున్నారు. అది ఆ దేశం లోపలి టపాకు. సముద్రం దాటించే పని ప్రస్తుతానికి పూర్తిగా ఆపేశాను. ఊరికి వచ్చినప్పుడు దుకాణానికి రండి.

ఇప్పటికే బేరం కుదిరి నా బీరువాలో ఉన్న పెద్ద వాచీల యజమానులకు విడివిడిగా ఫోను చేస్తున్నాను. వీటికి పాత రుసుమే. కొత్త పద్ధతి నచ్చనివారు చెబితే డబ్బు డబ్బుగా, వాచీ వాచీగా వాపసు ఇస్తాను, ఏమీ పట్టుకోను. ఆదివారం దుకాణం ఉండదు, మిగతా రోజుల్లో సాయంత్రం ఏడు దాకా ఉంటాను. ప్యాకింగ్ వీడియో చూడాలనుకునేవారు అయిదు లోపు రండి, ఆ తరవాత రిపేరు బల్ల దగ్గర రద్దీగా ఉంటుంది.