2024–25 వార్షిక నివేదిక: ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్ సంగతి

మన కాలనీ సంఘం గౌరవ సభ్యులకు నమస్కారం.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. మూడో వీధి డ్రైనేజీ పూడిక తీయించాం. పార్కు ప్రహరీకి రంగు వేయించాం. బోరు మోటారు ఒకసారి కాలిపోతే వైండింగ్ చేయించాం. వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే బాగా జరిగాయి. లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

జులైలో మెయింటెనెన్స్ రశీదులు పదిహేను రోజులు ఎందుకు ఆలస్యమయ్యాయని చాలామంది అడిగారు. దానికి జవాబు కాస్త పెద్దది.

2011లో కొన్న మన కంప్యూటర్‌లో ఇప్పటికీ విండోస్ 7 నడుస్తోంది. ఒకరోజు పొద్దున ఆన్ చేస్తే తేదీ 2009 జనవరి 1 చూపించింది. నల్ల తెర మీద ఏదో హెచ్చరిక, ఎఫ్1 నొక్కమంది. నొక్కితే విండోస్ బొమ్మ వచ్చినట్టే వచ్చి, నీలం తెర పడి, మళ్లీ మొదటికొచ్చింది. రిపేరు షాపతను చూసి, ఫార్మాట్ కొట్టాల్సిందేనన్నాడు, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేయడం. పదమూడేళ్ల రశీదులు, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన తెలుగు నోటీసులు, ఎన్నికల జాబితాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఇప్పుడు అమెరికాలో కొడుకు దగ్గర ఉంటున్న మన మాజీ కోశాధికారి గారికి ఫోన్ చేశాను. ఆయన నవ్వి, "బయాస్‌లోకి వెళ్లి శాటా మోడ్ చూడండి. విండోస్ ఎక్కించేటప్పుడు నేనే దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాను" అన్నారు. బయాస్ అంటే విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్‌ను సిద్ధం చేసే ప్రోగ్రాం. శాటా మోడ్ అంటే హార్డ్ డిస్కుతో మాట్లాడే పద్ధతి; ఏహెచ్‌సీఐ, ఐడీఈ అందులో రెండు రకాలు. చూస్తే అది ఐడీఈ అని ఉంది. మార్చి సేవ్ చేశాక, రెండు నిమిషాల్లో మన పార్కు ఫొటో ఉన్న డెస్క్‌టాప్ తెరుచుకుంది.

తప్పు మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన పలక) మీద ఉన్న బిళ్ల బ్యాటరీది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని, బయాస్ సెట్టింగులను నిలబెట్టేది అదే. దాని పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, అందుకే ఆ పేరు. అది ఖాళీ అయ్యి బయాస్ సెట్టింగులు కంపెనీ వాళ్లు పెట్టిన స్థితికి వెళ్లిపోయాయి. ఇందులో నా తప్పు కూడా ఉంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఆ బ్యాటరీ మీద పెద్దగా భారం పడదు. కరెంటు ఆదా అవుతుందని రోజూ రాత్రి మెయిన్ కట్టేయమని వాచ్‌మన్‌కు చెప్పింది నేనే.

నాకు అసలు భయం వేసింది ఇంకో విషయానికి. ఆ సెట్టింగు సంగతి ఒక్కరి తలలోనే ఉంది, ఆ ఒక్కరూ సముద్రాల అవతల ఉన్నారు. అందుకే ఈ ఏడాది ఇలాంటివన్నీ భద్రపరిచే పని మీద పడ్డాం.

బయాస్ తెరలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి, ప్రింటు తీయించి నోట్‌బుక్కులో అతికించాం. విండోస్ బ్యాకప్‌లో ఇవి రావు కాబట్టి ఇంతకంటే సులువైన దారి కనపడలేదు.

తర్వాత రిజిస్ట్రీ. విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా అది. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుంటే చాలనుకున్నాం. ఆగస్టులో ప్రింటరుకు తప్పు డ్రైవర్ (దాన్ని నడిపే ప్రోగ్రాం) ఎక్కింది. దాచిన ఫైలును తిరిగి ఇంపోర్ట్ చేసినా అది పోలేదు. ఇంపోర్ట్ పాత పద్దుల్ని మళ్లీ రాస్తుంది తప్ప, తర్వాత చేరిన పద్దుల్ని కొట్టేయదు. చివరికి విండోస్‌ను వెనకటి స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్‌లో వారం కిందటి పాయింటుకు వెళితే గాని దారికి రాలేదు. అయితే అది మన ఫైళ్లకు బ్యాకప్ కాదు. అందుకే ట్యాలీ (లెక్కల ప్రోగ్రాం) డేటా రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తోంది, అను ఫాంట్ల ఫోల్డరుకు విడిగా ఒక కాపీ ఉంది.

కంట్రోల్ ప్యానెల్‌లోని బ్యాకప్ అండ్ రీస్టోర్‌తో మొత్తం సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా డిస్కుకు పూర్తి నకలు) బయటి హార్డ్ డిస్కులోకి తీశాం, విండోస్ లేవకపోతే వాడే రిపేర్ సీడీ కూడా చేశాం. అంతటితో ఆపేద్దామనుకుంటుంటే ఒక సభ్యురాలు, "తీశారు సరే, అది మళ్లీ ఎక్కుతుందా?" అని అడిగారు. బీరువాలో ఉన్న 250 జీబీ డిస్కు పెట్టి చూశాం, ఎక్కలేదు. మన అసలు డిస్కు 320 జీబీ. అందులో వాడింది 60 జీబీయే అయినా, అంతకంటే చిన్న డిస్కులోకి ఆ ఇమేజ్ దిగదు. 500 జీబీది కొన్నాక దిగింది. నోటీసు ప్రింటు తీస్తే ఒత్తులతో సహా సరిగ్గా వచ్చింది. ఆమె ఆ ప్రశ్న అడక్కపోతే, అవసరం పడిన రోజున గానీ మాకీ సంగతి తెలిసేది కాదు.

కొత్తది కొనొచ్చుగా అని కొందరు అంటున్నారు. నిజమే, విండోస్ 7కు 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి, క్రోమ్ కూడా 2023లో చేయి వదిలేసింది. అందుకే దాని నెట్ వైరు పీకేశాం. బ్యాంకు పనులు దాంట్లో చేయడం లేదు. పాత నోటీసులు యూనికోడ్‌లోకి (ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు అన్నిటా వాడే అక్షరాల పద్ధతి) మార్చే పని సగం దాకా వచ్చింది, అది పూర్తయ్యాక కొత్తది కొనాలని కమిటీ అభిప్రాయం. సభ ఆమోదం కోరుతున్నాం.

నోట్‌బుక్కు, సీడీ, బయటి డిస్కు బీరువా రెండో అరలో ఉన్నాయి. తాళం ఒకటి నా దగ్గర, ఒకటి ఉపాధ్యక్షుల వారి దగ్గర ఉంటుంది. బ్యాటరీ మార్చిన తేదీ క్యాబినెట్ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. మెయిన్ ఇక కట్టేయొద్దని వాచ్‌మన్‌కు చెప్పాను.

ఇట్లు,
కార్యదర్శి