మలక్కా ఎర్ర చర్చిలో ఆదివారం ఆరాధన కూడా ఉంటుంది

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో మలేసియా యాత్ర మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. మలక్కాకు అందులో నాలుగే వాక్యాలు దక్కాయి. క్రైస్ట్ చర్చి గురించైతే, ఎర్ర గోడల ముందు ఫొటో దిగడం మరిచిపోవద్దని రాసి వదిలేశారు. పోయినేడు ఆ చర్చిలో ఆదివారం ఆరాధనకు వెళ్ళి వచ్చినదాన్ని. అందుకే మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్కడ ఇప్పటికీ క్రైస్తవ సంఘం ఉంది. ఇంగ్లిష్, చైనీస్, తమిళ భాషల్లో ఆరాధనలు జరుగుతున్నాయి.

మా అమ్మాయి కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తోంది. ప్యాకేజీ టూర్ల వాళ్ళు పొద్దున బయల్దేరదీసి, ఆ చర్చి ముందున్న డచ్ స్క్వేర్ దగ్గర ఓ గంట వదిలి, సాయంత్రానికి వెనక్కి తెచ్చేస్తారు. మేం అలా కాకుండా శనివారమే బస్సెక్కాం. రెండు గంటల ప్రయాణం. రాత్రికి అక్కడే ఉన్నాం.

మలక్కాను 1511లో పోర్చుగీసువాళ్ళు, 1641లో డచ్చివాళ్ళు పట్టుకున్నారు. తరవాత ఇంగ్లిష్‌వాళ్ళ చేతికొచ్చింది. డచ్చివాళ్ళు తమ పాలనకు నూరేళ్ళు నిండినప్పుడు, 1741లో ఈ చర్చికి పూనుకుని 1753లో పూర్తి చేశారు. 1838లో అది ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండు సంఘం శాఖకు చెందిన చర్చి అయింది. అందరూ ఫొటోలు తీసుకునే ఆ ఎరుపు కూడా 1911లో వేసిందే, అంతకుముందు తెల్లగా ఉండేదట. మాది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా సంఘం. అది ఏర్పడినప్పుడు 1947లో కలిసిన సంఘాల్లో ఆంగ్లికన్లూ ఉన్నారు కాబట్టి, నా మటుకు నాకు అది పరాయి చర్చి కాదు.

ఆదివారం కొంగు నెత్తిన వేసుకుని, గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విడిచాను. లోపల నేలలో సమాధి రాళ్ళు పరిచి ఉన్నాయి. కొన్నిటి మీద ఆర్మేనియన్ అక్షరాలట. రాయి చల్లగా తగిలింది, చెక్కిన గాడి అరికాలికి తెలుస్తోంది. ఒక పెద్దావిడ వచ్చి, ఇక్కడ ఎవరూ విడవరు, వేసుకోమ్మా అని సైగ చేసింది. ఎవరి సమాధులో తెలియదు, వాటి మీద చెప్పులతో నడవబుద్ధి కాక అలాగే వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. తలెత్తితే పెద్ద పెద్ద దూలాలు. ఒక్కోటీ ఒకే చెట్టు మాను నుంచి చెక్కిందట, ఎక్కడా అతుకు లేదు.

మేం కూర్చున్నది తమిళ ఆరాధన. నాకు తమిళం రాదు. కానీ ఒప్పుకోలు ఎప్పుడో, విశ్వాస ప్రమాణం ఎప్పుడో, ఎక్కడ లేవాలో, ఎక్కడ మోకరించాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ప్రభువు ప్రార్థనలో ‘పితావే’ అని వినపడగానే నేను తెలుగులో అందుకున్నాను. పక్కావిడ తమిళంలో, నేను తెలుగులో చెప్పుకుంటూ పోయి ఇద్దరం ఒకేసారి ఆమెన్ అన్నాం. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆరాధన అయ్యాక కొత్తవాళ్ళని లేచి నిలబడమన్నారు. మచిలీపట్నం అంటే ఎవరికీ తెలియలేదు, ఆంధ్రా అంటే తెలిసింది. ‘స్తోత్రం’ అంటూ ఒక్కొక్కరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. మా ఆయనకు మోకాలి ఆపరేషన్ ఉందనీ, నాకు టెన్షన్‌గా ఉందనీ మా అమ్మాయి ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆ పెద్దావిడ అక్కడికక్కడే ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. గంట క్రితం వరకు మేమెవరో ఆవిడకి తెలియదు. ఫొటోకోసం గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్ళకి ఇదంతా ఎలా తెలుస్తుంది?

ఊరు చూడొద్దని నేననడం లేదు. శనివారం సాయంత్రం మేమూ కొండెక్కాం. పోర్చుగీసువాళ్ళు 1521లో కట్టిన సెయింట్ పాల్ చర్చికి ఇప్పుడు పైకప్పు లేదు. క్రైస్తవ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయాన్ని గోవాకు చేర్చేముందు 1553లో కొన్ని నెలలు ఇక్కడే ఉంచారు. ఆయన్ని ఉంచిన గుంత ఇప్పుడు ఖాళీ, దాని మీద ఇనప వల వేసి ఉంది. గోడలకు డచ్ సమాధి రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. వాటి ముందు చాలాసేపు ఆగిపోయాను. మా బందరుకోటలోనూ ఇలాంటి డచ్ సమాధులే ఉన్నాయి. ఆ డచ్ ఈస్టిండియా కంపెనీవాళ్ళే మా ఊళ్ళో 1605లో వర్తకానికి దిగి, కోరమాండల్ తీరం బట్టలు ఓడలకెత్తి ఆ తూర్పు దీవులకు పంపి సుగంధ ద్రవ్యాలు కొన్నారు.

కొండ దిగాక నది దాటితే ఒకే వీధిలో వినాయకుడి గుడి, మసీదు, చీనా గుడి కూతవేటు దూరంలో ఉన్నాయి. మసీదు 1748 నాటిది, పేరు కంపుంగ్ క్లింగ్. ఆ ‘క్లింగ్’ మన కళింగ నుంచే పుట్టిందంటారు. అయితే భారతీయులని ఇప్పుడు ఆ మాటతో పిలిస్తే తిట్టు కింద లెక్క, మనవాళ్ళు సరదాకైనా వాడకూడదు. మలయ్ భాషలో చర్చిని ‘గెరెజా’ అంటారు, పోర్చుగీసు మాట. మన ‘పాదిరి’ కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందే.

అందుకే మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఇకమీదట మలక్కా గురించి వేసినప్పుడు రెండు ముక్కలు చేర్చండి. ఆదివారం ఆరాధన వేళలు ముందే కనుక్కుని వెళ్తే లోపల కూర్చోవచ్చనీ, లోపల ఫొటోలు తీయనివ్వరనీ. మనవాళ్ళు కొందరు ఫోన్ పైకెత్తి లోపలికి రాబోతే సంఘం పెద్ద ఒకాయన చేతులు జోడించి ఆపడం నేను కళ్ళారా చూశాను. అప్పటికి లోపల రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజన సంస్కారం జరుగుతోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
మచిలీపట్నం