వారం రోజులు ఉండేవారి తరఫున పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రిగారికి నమస్కారములు.

సముద్రతీరం గల ఏ దేశంలో మీరు ఈ బాధ్యత చూస్తున్నా, ఈ లేఖ మీకే రాసినట్లు భావించవలసిందిగా మనవి. సెలవులు పెట్టుకుని, ఒకే తీర నగరంలో వారం రోజులు మకాం వేసి, ఊరంతా తిరిగి చూసి, పూటపూటా బయటే భోంచేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. మమ్మల్ని ఊరి దాకా రప్పించడంలో మీ శాఖ ప్రచారం ఎంతో నేర్పు చూపుతోంది. వచ్చాక మేము గడపబోయే మూడో రోజు గురించి, ఐదో రోజు గురించి మాత్రం ఎవరూ ఆలోచించినట్లు కనిపించదు. ఆ రోజుల గురించే ఈ విన్నపం.

ముందుగా లెక్కల సంగతి. ఐక్యరాజ్యసమితి గణాంక నిర్వచనం ప్రకారం వెళ్లిన చోట కనీసం ఒక రాత్రి గడిపినవారే పర్యాటకులు. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారు ఒకరోజు సందర్శకులు. క్రూయిజ్ నౌకలో వచ్చి, ఊరు చూసి, నిద్రకు తిరిగి నౌకకే చేరేవారు కూడా ఈ రెండో కోవలోకే వస్తారు. నిర్వచనం ఇంత స్పష్టంగా ఉన్నా, పత్రికా ప్రకటనల దగ్గరికి వచ్చేసరికి అందరినీ ఒకే రాశిగా పోసి, నిరుటికంటే ఎంత పెరిగారో చెప్పుకోవడం ఆనవాయితీ అయిపోయింది. నౌక దిగి నాలుగు గంటలు ప్రధాన వీధిలో నడిచి, మధ్యాహ్న భోజనానికి కూడా నౌకకే వెళ్లే మనిషి ఆ అంకెలో ఒకటి. ఏడు రాత్రులు గది అద్దెకు తీసుకుని పూటపూటా ఊళ్లోనే తినే మనిషి కూడా ఒకటే. పైవాళ్లు ఏ అంకె అడుగుతారో ఏర్పాట్లు దానికి తగ్గట్టే జరుగుతాయి కనుక, ఓడరేవు నుంచి కోట దాకా బాట నున్నగా ఉంటుంది, కోట వెనక ఉన్న పేటకు బస్సు ఉండదు.

వెనిస్ నగరం ఈ తేడాను ఆలస్యంగానైనా గుర్తించింది. 2024 ఏప్రిల్ 25 నుంచి, ఎంపిక చేసిన రద్దీ రోజుల్లో, ఒక్క పూటకు వచ్చిపోయేవారి దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టి, నగరంలో రాత్రి బస చేసేవారిని దాని నుంచి మినహాయించింది. వారు బస పన్ను ఎలాగూ కడుతున్నారు. అంతకుముందే, 2021 ఆగస్టు నుంచి, భారీ క్రూయిజ్ నౌకలు నగరం నడిబొడ్డున ఉన్న సాన్ మార్కో చౌకు ఎదుటి జలమార్గంలోకి రాకుండా ఇటలీ ప్రభుత్వం నిషేధం పెట్టింది. క్రొయేషియా తీర నగరం డుబ్రోవ్నిక్ కూడా ఒకేసారి రెండు నౌకలకు మించి రాకుండా చూసుకోవాలని 2019లో నిర్ణయించుకుంది. రుసుము వల్ల రద్దీ తగ్గిందా అన్నది వేరే చర్చ. ఐదు యూరోలకు జంకి వెనిస్ ప్రయాణం మానుకునేవారు ఉంటారని నాకైతే అనిపించదు. అయినా ఉండేవారికీ వచ్చిపోయేవారికీ మధ్య గీత గీయడానికి ఒక నగరపాలక సంస్థ ముందుకు వచ్చింది, మీ శాఖలో ఆ గీత ఇంకా కాగితం మీదికి కూడా రాలేదు.

వారం రోజులు ఉండేవారు ఎంత ప్రయత్నించినా తప్పించుకోలేని రోజు సోమవారం. లిస్బన్‌లోని జెరోనిమోస్ మఠంతో సహా యూరప్‌లో ఎన్నో మ్యూజియాలకు, చారిత్రక కట్టడాలకు ఆ రోజే సెలవు. సిబ్బందికి వారంలో ఒకరోజు విశ్రాంతి ఉండి తీరాలి, దానిపై పేచీ లేదు. ఊళ్లో ఉన్నవన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే రోజున తలుపులు మూయడం దేనికన్నదే ప్రశ్న. ఇస్తాంబుల్‌లో టోప్‌కాపీ ప్యాలెస్ మంగళవారం మూసి ఉంటుంది, కాబట్టి సోమవారం ఆ ఊళ్లో ఉన్నవారికి చూడడానికి ఒక పెద్ద కట్టడమైనా మిగులుతుంది. ఈ మాత్రం సర్దుబాటుకు కొత్త నిధులు అక్కర్లేదు. మ్యూజియాల అధికారులను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి సెలవులను వేర్వేరు రోజులకు పంచితే చాలు, ఆ పట్టికను విమానాశ్రయంలోనూ ప్రతి హోటల్ రిసెప్షన్‌లోనూ అంటిస్తే ఇంకా మంచిది.

మ్యూజియాల్లోకి ఫలానా వేళకే రానిచ్చే గంటల వారీ టికెట్ల విషయంలో కూడా ఇదే ఇబ్బంది ఉంది. ఎన్నో రోజుల ముందే ఆన్‌లైన్‌లో అమ్ముడైపోయే ఆ టికెట్లను కొన్నిచోట్ల టూర్ కంపెనీలు గంపగుత్తగా పట్టుకుపోతాయి. వారం ఉండే కుటుంబానికి ఉన్న సౌలభ్యమల్లా వాన పడితే రేపు, ఎండ మరీ ఎక్కువైతే ఎల్లుండి అని మార్చుకోగలగడం. ముందస్తు బుకింగ్ ఆ సౌలభ్యాన్నే తీసేసుకుంటోంది. మరునాటి టికెట్లలో కొంత భాగాన్ని ముందురోజు సాయంత్రం దాకా అట్టిపెట్టి, ఊళ్లో బస చేస్తున్నట్టు చూపించగలిగినవారికి అమ్మే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఊరు చూపించడానికి కొత్తగా ఏదో కట్టాలన్న తాపత్రయం ప్రతి ప్రభుత్వానికీ ఉంటుంది. తీర నగరాలకు అంతకంటే మంచి సాధనం ముందే ఉంది: ఊరి జనం రోజూ ఆఫీసులకు ఎక్కే ఫెర్రీ. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలండ్ ఫెర్రీకి 1997 నుంచి టికెట్టే లేదు; సుమారు 25 నిమిషాల ఆ ప్రయాణంలో స్వాతంత్ర్య దేవత విగ్రహం, మన్‌హాటన్ భవనాల వరుస పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. హాంకాంగ్ స్టార్ ఫెర్రీ, ఇస్తాంబుల్‌లో బోస్ఫరస్ జలసంధి దాటించే పడవలు కూడా ఊరి జనం రోజూ ఎక్కేవే. వాటి రేవుల్లో వేళల పట్టిక స్థానిక భాషలో మాత్రమే రాసి, పక్కనే ప్రైవేటు విహార పడవల బోర్డులను నాలుగు భాషల్లో పెట్టనిస్తే కొత్తవాడు ఎటు వెళ్తాడో మీకు తెలియనిది కాదు. ఏడు రోజుల పాస్ కూడా అంతే ముఖ్యం. వెనిస్ నీటి బస్సులకు ఒకరోజు, రెండు రోజుల టికెట్లతో పాటు ఏడు రోజుల టికెట్ కూడా ఉంది; చాలా చోట్ల మూడు రోజులతో ఆగిపోయి, నాలుగో రోజు నుంచి మమ్మల్ని మళ్లీ కౌంటరు ముందు వరుసలో నిలబెడుతున్నారు.

ఇక భోజనం. తీర నగరానికి వెళ్లేవారిలో సగం మందికి సముద్రమంటే పళ్లెంలోకి వచ్చేదే అని నా అనుమానం, ఆ సగంలో నేనూ ఉన్నాను. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్పుకుంటున్నాను. మెనూలో అన్నింటికీ ధర ఉంటుంది. చేప దగ్గర మాత్రం ‘నేటి ధర’ అని గానీ, చిన్న అక్షరాల్లో నూరు గ్రాములకు ఇంత అని గానీ ఉంటుంది. నూరు గ్రాముల ధరనే ప్లేటు ధర అనుకుని మోసపోయేవారికి కొదవ లేదు. సర్వరు ట్రేలో మంచు ముక్కల మీద పరిచిన చేపను బల్ల దాకా తెస్తాడు, మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపిస్తాడు, నిన్న రాత్రి పట్టిందని చెబుతాడు, బరువు మాట మాత్రం ఎత్తడు. మేము తల ఊపగానే అది వంటగదిలోకి వెళ్లిపోతుంది. ఎంత తూగిందో బిల్లు వచ్చాక తెలుస్తుంది. అది తలా ముల్లూ పేగులతో కలిపి తూచిన బరువా, శుభ్రం చేశాక తూచినదా అన్నది అప్పటికీ తెలియదు. పోట్లాడడానికి చేప ఉండదు, మిగిలింది ముల్లే.

దీనికి ఒక్క ఆదేశం చాలు. తూకం అతిథి కళ్లెదుట వేసి, బరువునూ మొత్తం ధరనూ వండకముందే ఆర్డరు చీటీ మీద రాసి చూపించాలి. ఇలాంటి నిబంధనలు పెడితే వ్యాపారం పోతుందని హోటళ్ల సంఘాలు మీ దగ్గరికి రావచ్చు. ఫ్రాన్స్‌లో ధరల పట్టికను రెస్టారెంటు బయట, లోపలికి అడుగుపెట్టకముందే కనబడేలా పెట్టడం తప్పనిసరి. భోజనం చేసేవారు అడిగితే కుళాయి నీళ్లు కూజాతో ఉచితంగా ఇవ్వాలి. అక్కడ రెస్టారెంట్లు మూతబడలేదు. ఇటలీ మెనూల్లో కొన్ని వంటకాల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది, అది గడ్డకట్టించి నిల్వ చేసిన సరుకు అని దాని అర్థం. తాజా చేపే తినాలన్న పట్టింపు నాకు లేదు, బాగా నిల్వ చేసినదైతే సంతోషంగా తింటాను. అది అదేనని చెప్పి వడ్డించమనే నా కోరిక. ఆదివారం పడవలు వేటకు వెళ్లని తీరాల్లో సోమవారం నాటి ‘తాజా’ చేప ఎప్పటిదో లెక్క వేసుకోవచ్చు, మ్యూజియాలకు సెలవు కూడా ఆ రోజే మరి.

మెనూలో మోసం జేబుకు నష్టం, శుభ్రత లోపిస్తే మొత్తం సెలవులకే నష్టం. ట్యూనా, కానాగంత వంటి చేపలను పట్టినప్పటి నుంచి తగినంత చల్లగా ఉంచకపోతే వాటిలో అలర్జీ లాంటి బాధ కలిగించే హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది, ఆ తర్వాత ఎంత ఉడికించినా అది పోదు. సముద్రంలో కొన్ని రకాల నాచు విపరీతంగా పెరిగినప్పుడు ఆల్చిప్పల్లో చేరే విషాలు కూడా వంట వేడికి లొంగవు. ఇలాంటి సమయాల్లో సేకరణ నిలిపివేయమని మత్స్యశాఖ ఇచ్చే హెచ్చరికలు పడవల దాకా చేరతాయి గానీ భోజనాల బల్ల దాకా రావు. తనిఖీ ఫలితాలను జనానికి కనబడేలా పెట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌లో 2010 నుంచి రెస్టారెంట్లు తమ శుభ్రత గ్రేడును ఎ, బి, సి అక్షరాల్లో కిటికీలో పెట్టాలి. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 నుంచి సున్నా నుంచి ఐదు వరకు ఇచ్చే రేటింగును గుమ్మం దగ్గర అంటించడం చట్టరీత్యా తప్పనిసరి. రేటింగు తక్కువ వచ్చిందని కాగితం దాచుకునే వీలు ఉంచితే ఆ తనిఖీ ఎందుకూ కొరగాదు.

ఇంకొకటి: వారమంతా పెద్ద రెస్టారెంట్లలో తినే స్తోమతు అందరికీ ఉండదు, ఉన్నా మూడో రోజుకే మొహం మొత్తుతుంది. మాకు కావలసింది ఊరివాళ్లు తినే చోటు. సింగపూర్ ప్రభుత్వం 1970లలో, 80లలో వీధి తోపుడుబండ్ల వాళ్లను తరిమేయకుండా, నీటి కుళాయిలు, మురుగు పారుదల ఉన్న హాకర్ సెంటర్లలోకి తరలించింది. 2020లో ఆ హాకర్ సంస్కృతికి యునెస్కో జాబితాలో చోటు దక్కింది. తీరం పొడవునా బండ్లను ఖాళీ చేయించి, అదే చోట ఖరీదైన కేఫ్‌లకు అనుమతులు ఇచ్చే ముందు ఆ ఉదాహరణను ఒకసారి పరిశీలించండి.

సముద్ర స్నానాల విషయంలో రెండు మాటలే చెబుతాను. ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్య ఈతకు లైఫ్‌గార్డుల కాపలా ఉంటుందనీ, పూర్తి ఎర్ర జెండా ఎగిరితే నీటిలో దిగకూడదనీ తీరవాసులకు తెలుసు, లోతట్టు ప్రాంతాల నుంచి వచ్చినవారికి తెలియదు. రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి పారే బలమైన ప్రవాహం, లోనికి లాగుతున్నప్పుడు ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకుండా, తీరానికి సమాంతరంగా ఈదుతూ ప్రవాహం నుంచి పక్కకు రావాలన్న సూచన బీచ్‌లో ఒక మూల బోర్డు మీద కాకుండా, గది తాళంతో పాటు ఇచ్చే కాగితం మీద ఉండాలి.

మా రాక వల్ల ఊరివాళ్లకు అద్దెలు పెరుగుతున్నాయన్న ఫిర్యాదునూ నేను కాదనను. బార్సిలోనా 2028 చివరికల్లా పర్యాటకులకు ఇచ్చే అపార్ట్‌మెంట్ల లైసెన్సులన్నీ రద్దు చేస్తామని 2024లో ప్రకటించింది. అలాంటి నిర్ణయం మీరూ తీసుకోవలసి వస్తే, కుటుంబాలు వారం ఉండడానికి వీలుగా చిన్న వంటగది ఉన్న గదులను లైసెన్సు గల హోటళ్లలో ఎన్ని కట్టించగలరో ముందు చూసుకుని, ఆ తర్వాత తీసుకోండి.

వచ్చే వార్షిక నివేదికలో మొదటి పేజీ మీద, వచ్చినవారి సంఖ్య పక్కనే వారు గడిపిన రాత్రుల సంఖ్యను కూడా నగరాల వారీగా ముద్రించాలని కోరుతున్నాను. హోటళ్ల నుంచి బస పన్ను వసూలు చేసే చోట ఆ వివరం పన్ను రికార్డుల్లోనే ఉంటుంది, కొత్త సర్వే అవసరం లేదు. మ్యూజియాల సెలవుల పట్టిక, చేపల తూకం ఆదేశం వచ్చే సీజను మొదలయ్యేలోగా అమలులోకి వస్తే, ఆ సీజనుకు మేము ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకోవడం సులువవుతుంది.

ఇట్లు,
తీర నగరంలో వారం రోజులు ఉండే ఒక పర్యాటకుడు