షుగర్ నడకకు పరగడుపున రమ్మనకండి

ఎడిటర్ గారికి,

ప్రపంచ మధుమేహ దినం, నవంబరు 14 దగ్గరపడితే చాలు, మా ఊళ్లో మధుమేహ నడకల హడావిడి మొదలవుతుంది. టోపీలు, బ్యానర్లు, ఫొటోలు అన్నీ బాగానే ఉంటాయి. నా గొడవంతా కరపత్రం అడుగున వేసే లైనుతోనే: "ఉచిత షుగర్ టెస్టు. పరగడుపున రండి." వచ్చేవాళ్లు టిఫిన్ మానేస్తారు గానీ, పొద్దున వేసుకోవాల్సిన మాత్రో ఇన్సులినో మానరు కదా! ముఖ్య అతిథి వచ్చి జెండా ఊపేదాకా నిలబెట్టి, ఆపైన రెండు కిలోమీటర్లు నడిపించి, అప్పుడు వేలికి సూది గుచ్చుతారు. అంత నడిచాక వచ్చే అంకె ఫాస్టింగ్ లెక్కలోకి రాదు. మరి ఆ పస్తు దేనికి?

పోయినేడు నేనూ వెళ్లాను. ఒక పెద్దాయన చెమటలు కారిపోతూ గట్టు మీద కూలబడ్డారు, మాట తడబడుతోంది. చుట్టూ చేరినవాళ్లు గుండెపోటన్నారు. మీటరు పెట్టి చూస్తే షుగర్ 52కి పడిపోయింది. స్పృహలోనే ఉన్నారు, మింగగలుగుతున్నారు కాబట్టి టీ బండి దగ్గర మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించబోయాను. "షుగర్ పేషెంటుకి పంచదారేంటమ్మా!" అని ఒకాయన గ్లాసు లాక్కోబోయాడు. నలభై ఏళ్లకు దగ్గరగా వార్డుల్లో విన్న మాటే అది! పావుగంటకు 88కి వచ్చింది. అప్పుడు బిస్కెట్లు తినిపించాం. ఇలాంటప్పుడు చాక్లెట్ కన్నా పంచదార, గ్లూకోజే మేలు. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల చక్కెర ఒంటికి ఆలస్యంగా పడుతుంది.

మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే వాడేవాళ్లకు ఇలా షుగర్ పడిపోతుందన్న భయం చాలా తక్కువ. ఇన్సులిన్, లేదా గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లే జాగ్రత్తగా ఉండాలి. బీపీకి అటెనొలాల్ లాంటి మాత్ర కూడా వేసుకుంటుంటే షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. ఎండకు పట్టిందనుకుని తుడుచుకుని నడిచేస్తారు, అదీ చిక్కు.

నిర్వాహకులు టెస్టు నడకకు ముందే చేయాలి. ఇన్సులిన్, ఆ మాత్రలు వాడేవాళ్లకు 90 కన్నా తక్కువుంటే ఏదైనా తినిపించి పంపాలి. 70 లోపుంటే ముందు పంచదార నీళ్లు, నడక సంగతి తర్వాత. టోపీల ఖర్చులో నాలుగు గ్లూకోజ్ డబ్బాలు రావా?

మీకూ ఒక విన్నపం. వాళ్లిచ్చే ప్రకటనను జిల్లా పేజీలో ఉన్నదున్నట్టు వేస్తున్నారు. ఈసారి "పరగడుపున" అన్న మాట తీసేయించి, "టిఫిన్ చేసి రండి, మందుల చీటీ జేబులో పెట్టుకోండి" అని వేయించండి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, గుంటూరు