ఫర్నేస్ మార్చేవాళ్లు కొనేముందు ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. ఇల్లంతా వేడిచేసే పాత ఫర్నేస్ తీసేసి కొత్తది ఏది పెట్టాలని మన గ్రూపులో ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒకేచోట రాస్తున్నా.

ముందు ఏఎఫ్‌యూఈ అంకె (ఏడాది మొత్తంమీద ఇంధనంలో ఎంత శాతం ఇంటికి వేడిగా అందుతుందో చెప్పేది) చూడండి. 80 అంటే కాల్చిన గ్యాస్‌లో 80 శాతమే ఇంటికి వేడి, మిగతాది పొగగొట్టంలోంచి బయటికే. 90 దాటినవి కండెన్సింగ్ రకం: పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా లాగేస్తాయి. పొగ చల్లబడుతుంది కాబట్టి ప్లాస్టిక్ గొట్టం చాలు, కానీ ఆ నీరు పోవడానికి డ్రెయిన్ కావాలి. ఇంకోటి, ఎవరూ చెప్పరు: గ్యాస్ వాటర్ హీటర్ కూడా పాత చిమ్నీకే కలిపి ఉంటే, ఫర్నేస్ తీసేశాక ఆ చిమ్నీ దానికొక్కదానికి మరీ పెద్దదైపోయి పొగ వెనక్కి తన్నొచ్చు. తప్పకుండా అడగండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ ఉండాలి.

సైజు విషయంలో "పాతదెంతో అంతే" అనేవాళ్లను నమ్మకండి. హీట్ లోడ్ లెక్క, అంటే మీ ఇంటికి ఎంత వేడి కావాలో ఆ లెక్క, వేయించండి. పెద్దది పెడితే మాటిమాటికీ ఆన్, ఆఫ్ అవుతూ ఒక గది వేడి, ఒక గది చలి. అటక ఇన్సులేషన్, డక్టుల (గదులకు గాలి వెళ్లే గొట్టాల) లీకులు ముందే సరిచేయిస్తే చిన్నదే సరిపోవచ్చు.

ఏసీ కూడా పాతబడితే నా ఓటు హీట్ పంప్‌కే (బయటి వేడిని ఇంట్లోకి లాగే, ఏసీ లాంటి యంత్రం). యూనిట్ కరెంటుకి రెండు మూడు రెట్ల వేడి ఇస్తుంది, వేసవిలో చల్లదనమూ అదే. గడ్డకట్టే చలి ప్రాంతమైతే కోల్డ్ క్లైమేట్ మోడల్ తీసుకోండి, లేదా గ్యాస్ ఫర్నేస్‌ను తోడుగా ఉంచండి. మామూలు ఎలక్ట్రిక్ ఫర్నేస్ మాత్రం "100 శాతం" అన్నా బిల్లు వాచిపోతుంది.

కొటేషన్లు వచ్చినవాళ్లు మోడల్ నంబరుతో సహా ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.