రశీదు ఉంది, రాయికి చోటే లేదు: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పల్నాడులోని ఒక పల్లె నుంచి రాస్తున్నాను. ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. రెండింటికి 'పరిష్కరించబడింది' అని మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో గానీ, రాయి మాత్రం అక్కడే పడుంది.

మా చెరువు కట్ట మీద వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఉండేది. ఎప్పుడు విరిగిందో మా తాతలకే తెలియదు. నడుం దగ్గర ఏటవాలుగా రెండు ముక్కలు. పైముక్కలో కత్తి ఎత్తిన వీరుడు, పక్క అంచున తరతరాలుగా కొడవళ్లు నూరిన గాడులు. ముక్కు అరిగిపోయింది. పెళ్లిళ్లప్పుడు రాసిన పసుపు మాత్రం కళ్ల గుంటల్లో ఉండేది. విరిగిన విగ్రహం పూజకు పనికిరాదంటారు గానీ, ఈయన విషయంలో మా ఊరి ఆడవాళ్లు ఆ మాట ఎప్పుడూ పట్టించుకోలేదు.

మ్యూజియం వాళ్లు వచ్చి "భద్రంగా పెడతాం, మీ ఊరి పేరుతో బోర్డు పెడతాం" అన్నారు. పైముక్క ఎక్కించుకున్నారు. కిందిది బరువెక్కువ, రేపొస్తామన్నారు. ఆ రేపటికి ఏడేళ్లు.

పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. లోపలి గదుల్లో లేడు. వాచ్‌మన్ వెనక్కి తీసుకెళ్లాడు. జనరేటర్ షెడ్డు పక్కన బోర్లా పడేసి ఉంది, దానికి ఒక సైకిల్ ఆనించారు. ఇద్దరం కాస్త ఎత్తి చూస్తే, నుదుటి మీద తెల్ల పెయింటుతో నంబరు. మా వాళ్లు పసుపు పెట్టిన చోటే మీ వాళ్లు పెయింటు పెట్టారు, సంతోషం. ఆఫీసులో అడిగితే "అది బ్రోకెన్ పీసండీ, డిస్‌ప్లేకి పనికిరాదు" అన్నారు.

అయ్యా, అమరావతి బౌద్ధ స్తూపం మనకు మిగిలిందే ముక్కలుగా కదా? 1797లో బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ వచ్చేసరికే రాళ్లు తవ్వేస్తున్నారు. 1816లో మళ్లీ వచ్చేసరికి ఇంకా చాలా పోయాయి, కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంకీ, లండన్‌కీ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలకకు ఒక వైపు ఖాళీ ఆసనం, బోధివృక్షం. దాదాపు 300 ఏళ్ల తర్వాత దాన్నే తిప్పి రెండో వైపు స్తూపం చెక్కారు. పాత రాయిని పారెయ్యలేదు మన శిల్పులు. లండన్‌లో ఉన్నవాటిని తిరిగిమ్మని మనం అడుగుతున్నాం, అడగాలి కూడా. వాళ్లు అద్దాల గదిలో పెట్టారు. తీరా ఇస్తే మీరెక్కడ పెడతారు, సైకిల్ స్టాండులోనా? తప్పుగా అనుకోకండి, కడుపు మండి అంటున్నాను.

ఇంకో సంగతి. విరిగిన చోట పాత తెలుగు అక్షరాలు ఒక వరుస ఉన్నాయి. అది ఆ వీరుడి పేరని, చదవడం వచ్చినాయన ఒకరు చెప్పారు. సగం పేరు మా కట్ట మీద, సగం మీ షెడ్డు పక్కన. రెండూ ఒకచోటికి చేర్చండి చాలు. సిమెంటు పెట్టి అతికించమనడం లేదు, కొత్త ముక్కు అసలే వద్దు. ఆ విరుగు అలాగే కనబడనివ్వండి. లోపల పెట్టండి, ఊరి పేరు రాయండి. కుదరదంటే మా రాయి మాకిచ్చెయ్యండి, ట్రాలీ ఆటో ఖర్చు మేమే పెట్టుకుంటాం.

మీ వాళ్లిచ్చిన రశీదు జెరాక్స్ జతచేస్తున్నాను. అందులో 'రాయి, విరిగినది, ఒకటి' అని ఉంది.

ఇట్లు,
రెండో ముక్కకు కాపలా ఉన్న ఊరివాడు